పిజ్జా ఎవరిది? వంటింటి దినుసుల్లో ఒక చరిత్ర పాఠం



ఈ పాఠానికి కావలసిన సామగ్రి దాదాపుగా మీ ఇంట్లోనే ఉంది. గోధుమపిండి, ఉప్పు, నూనె, నాలుగు టొమాటోలు, వెల్లుల్లి, పెరుగు, చిటికెడు వంటసోడా చాలు. దొరికితే ఒక చీజ్ ముక్క. వీటితో పొయ్యి మీద, మామూలు పెనం మీద పిజ్జా చేసుకోవచ్చు. ఎలా చేయాలో చివర చెబుతాను. అంతకుముందు ఒక ప్రశ్న వేసుకుందాం. పిజ్జాను మొదట తయారుచేసింది ఎవరు?

క్విజ్ పుస్తకాలు చదివే అలవాటున్నవారు వెంటనే జవాబు చెబుతారు. 1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్ నగరానికి వచ్చింది. రఫాయెల్ ఎస్పొసిటో అనే వంటవాడు ఆమె కోసం మూడు రకాల పిజ్జాలు చేశాడు. వాటిలో టొమాటో ఎరుపు, మొజరెల్లా చీజ్ తెలుపు, తులసి జాతి ఆకు ఆకుపచ్చ కలిసి ఇటలీ జెండాను తలపించిన పిజ్జా రాణికి నచ్చింది. దానికి ఆమె పేరే పెట్టారు. ఇదీ కథ.

కథ బాగుంది. కానీ చరిత్ర విద్యార్థి ఒక కథ బాగుంది కదా అని నమ్మకూడదు, బాగుంది కదా అని కొట్టిపారేయనూ కూడదు. ఆధారం ఏమిటని అడగాలి. ప్రయోగశాలలో ఒక ఫలితాన్ని ఎలా పరీక్షిస్తామో, గతం గురించి చెప్పే మాటనూ అలాగే పరీక్షించాలి. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

నేపుల్స్ వీధులు

ముందుగా ఆ నగరాన్ని పరిచయం చేసుకుందాం. ఇటలీ దక్షిణ భాగంలో, సముద్రతీరాన, వెసూవియస్ అగ్నిపర్వతానికి దగ్గరగా ఉన్న రేవు పట్టణం నేపుల్స్. 18వ శతాబ్ది చివరినాటికి అక్కడి జనాభా సుమారు 4 లక్షలు. ఆనాటి యూరప్‌లో అతి పెద్ద నగరాల్లో అది ఒకటి. రేవులో బరువులు మోసేవారు, చేపలు పట్టేవారు, ఏ రోజు పని దొరికితే ఆ రోజు తినేవారు అక్కడ వేల సంఖ్యలో ఉండేవారు. వారిని లజరోనీలు అని పిలిచేవారు. చాలామందికి ఉన్నది ఒక్క గది ఇల్లు. అందులో రొట్టె కాల్చుకునే పొయ్యి ఉండేది కాదు. కట్టెలు కొనే స్తోమతా తక్కువే.

అలాంటివారికి ఎలాంటి తిండి కావాలి? చవకగా ఉండాలి. కడుపు నిండాలి. కంచం, చెంచా లేకుండా వీధిలో నిలబడి తినగలగాలి. ఒక్క పొయ్యిలో వందల మందికి త్వరగా కాలాలి. పలుచగా ఒత్తిన పిండి, పైన ఏది అందుబాటులో ఉంటే అది. ఈ అవసరాల్లోంచి వచ్చిందే నేపుల్స్ పిజ్జా. దుకాణంలో కాల్చిన పిజ్జాలను రేకు డబ్బాలో పెట్టి, తల మీద మోస్తూ వీధివీధినా అమ్మేవారు. మొత్తం కొనలేనివారికి ముక్క కోసి ఇచ్చేవారు.

'పిజ్జా' అనే మాట ఇంకా పాతది. నేపుల్స్‌కు వాయవ్య దిశలో ఉన్న గయేటా పట్టణంలో దొరికిన 997వ సంవత్సరపు లాటిన్ పత్రంలో ఆ మాట ఉంది. కౌలుదారు ఒకరు క్రిస్మస్‌కు పన్నెండు, ఈస్టర్‌కు పన్నెండు పిజ్జాలు బిషప్‌కు సమర్పించుకోవాలని అందులో రాసుకున్నారు. అయితే ఆ పిజ్జా మీద టొమాటో ఉండే అవకాశమే లేదు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

దినుసులు చేసిన ప్రయాణాలు

టొమాటో పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే అది యూరప్‌కు చేరింది. ఇటలీ వైద్యుడు మాటియోలీ 1544లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని ప్రస్తావించాడు. బంగారు పండు అనే అర్థం వచ్చే పేరు ఇటాలియన్ భాషలో దీనికి స్థిరపడింది. కానీ చాలాకాలం పాటు ధనికులు దీన్ని తోటల్లో అలంకారంగా పెంచారే తప్ప తినడానికి జంకారు. కారణం లేకపోలేదు. టొమాటో, వంకాయ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. విషపూరితమైన ఉమ్మెత్తదీ అదే కుటుంబం. నేపుల్స్‌లో పనిచేసిన ఆంటోనియో లాతీనీ 1690లలో అచ్చువేసిన వంటల పుస్తకంలో టొమాటో పచ్చడి వంటి ఒక వంటకం కనిపిస్తుంది. కాల్చిన టొమాటో, ఉల్లి, మిరప, నూనె, ఉప్పు, వెనిగర్ అందులోని దినుసులు. కాల్చిన టొమాటో పచ్చడి నూరుకునే మనకు ఇదేమీ కొత్తగా అనిపించదు!

మన దేశానికీ టొమాటో బయటినుంచి వచ్చినదే. కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లు దీన్ని రామములగ, రాములక్కాయ అనడం మీలో కొందరు విని ఉంటారు. వంకాయ జాతికి చెందిన నేలములక మనకు ముందునుంచీ తెలుసు. కొత్తగా వచ్చిన కాయ ఏ కుటుంబానిదో గుర్తుపట్టి మన పూర్వులు పేరు పెట్టారన్నమాట. పేర్లు కూడా చరిత్రకు ఆధారాలే అని గమనించండి.

ఇక చీజ్. నేపుల్స్ చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతంలో మొజరెల్లాను సంప్రదాయంగా గేదె పాలతో చేస్తారు. నీటి గేదెలను మొదట మచ్చిక చేసుకున్నది మన భారత ఉపఖండంలోనే. అక్కడినుంచి పశ్చిమాసియా మీదుగా మధ్యధరా సముద్ర తీరాలకు వాటి సంతతి చేరింది. అంటే ఇటలీ గేదె పాల వెనుక మన గేదెల పూర్వికులున్నాయి.

పిజ్జా మీద వేసే ఆకు బాసిల్. ఇది మన తులసికి దగ్గరి చుట్టం. ఎండాకాలం నానబెట్టి షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఈ మొక్కవే. దాన్ని రుద్రజడ అని కూడా అంటారు. సబ్జా మొక్క ఇంట్లో ఉంటే, పిజ్జాకు కావలసిన ఆకు మీ పెరట్లోనే ఉన్నట్లు.

ఇప్పుడు లెక్క చూడండి. గోధుమ పశ్చిమాసియాలో మొదట సాగయింది. టొమాటో అమెరికాది. గేదె మన ఉపఖండానిది. బాసిల్ ఉష్ణదేశాల మొక్క. ఇవన్నీ కలిసింది ఒక పేదల నగరంలోని కట్టెల పొయ్యిలో. అలాంటి వంటకాన్ని ఫలానా రోజున ఫలానా వ్యక్తి కనిపెట్టాడనడం ఎంతవరకు సబబు?

రాణి కథకు ఆధారమేమిటి?

1889 కథకు ఆధారంగా ఒక ఉత్తరాన్ని చూపిస్తారు. అది నేపుల్స్‌లోని ఒక పిజ్జా దుకాణంలో ఉంది. 1889 జూన్ తేదీతో, రాజుగారి భోజనశాల అధికారి కమిలో గల్లీ సంతకంతో ఉంది. పిజ్జాలు రాణిగారికి నచ్చాయని దాని సారాంశం. జకారీ నోవాక్ అనే పరిశోధకుడు 2014లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఉత్తరాన్ని నిశితంగా పరీక్షించాడు. దాని మీది ముద్ర, చేతిరాత ఆ కార్యాలయపు ఇతర పత్రాలతో పొసగడం లేదని, రాజరికపు రికార్డుల్లో దాని జాడ లేదని చూపాడు. అది తర్వాతి కాలంలో తయారై ఉండవచ్చని ఆయన వాదన.

ఉత్తరం నిజమైనదే అనుకుందాం. అప్పుడు కూడా అది రుజువు చేసేది ఒక్కటే. రాణి పిజ్జా తిన్నది, మెచ్చుకున్నది. ఆ రకం పిజ్జా అదే రోజున పుట్టిందని రుజువు కాదు. పైగా అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే, నేపుల్స్ జీవన విధానం గురించి ఫ్రాన్సెస్కో దె బూర్కార్ అచ్చువేయించిన గ్రంథంలో పిజ్జా వర్ణన ఉంది. వెల్లుల్లి, నూనె వేసినవి, తురిమిన చీజ్, పంది కొవ్వు, బాసిల్ ఆకులు వేసినవి, చిన్న చేపలు చల్లినవి, పలుచని మొజరెల్లా ముక్కలు పేర్చినవి అందులో కనిపిస్తాయి. టొమాటో పేరూ ఉంది. అంటే రాణి రాకకు ముందే ఆ దినుసులన్నీ పిజ్జా మీదికి ఎక్కాయి.

మరి ఈ కథ ఎందుకంత గట్టిగా నిలబడింది? ఆ రోజుల రాజకీయ పరిస్థితి గుర్తుచేసుకోండి. అంతవరకు చిన్నచిన్న రాజ్యాలుగా ఉన్న ఇటలీ 1861లో ఒకే రాజ్యమయింది. ఉత్తరాది రాజవంశం దక్షిణాదిని కూడా ఏలసాగింది. 1884లో నేపుల్స్‌లో కలరా వ్యాపించి వేలమంది చనిపోయారు. ఆ ఏడాదే మటిల్డే సెరావో అనే రచయిత్రి నేపుల్స్ పేదల బతుకుల మీద ఒక పుస్తకం రాసింది. నేపుల్స్ పిజ్జాను రోమ్ నగరంలో అమ్మబోయిన ఒక వ్యాపారి ఎలా విఫలమయ్యాడో అందులో చెప్పింది. ఆనాడు పక్క నగరంలోనే పిజ్జాకు గౌరవం లేదు. అది మురికివాడల తిండి. అలాంటి తిండిని రాణి తిన్నదనీ, అది జాతీయ జెండాలా ఉందనీ చెప్పే కథ దేశాన్ని కలిపి ఉంచాలనుకునేవారికి ఎంతగానో నచ్చుతుంది. పిజ్జా అమ్మేవారికీ మేలే చేస్తుంది. కథ నిలబడటానికి అది నిజం కావలసిన అవసరం లేదు. పదిమందికి పనికొస్తే చాలు.

రాసినవారు, రాయనివారు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పిజ్జా చేసినవారు, తిన్నవారు తమ గురించి రాసుకోలేదు. వారిలో చాలామందికి చదువు లేదు. మనకు దొరికే వర్ణనలు చదువుకున్నవారివి, తరచుగా పరదేశీయులవి.

1835లో నేపుల్స్ వచ్చిన ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1843లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో పిజ్జా గురించి రాశాడు. లజరోనీలు చలికాలం పిజ్జా, ఎండాకాలం పుచ్చకాయ తిని బతుకుతారన్నాడు. చేపలు ఎక్కువగా పడితే చేపల పిజ్జా ధర తగ్గుతుంది, పడకపోతే పెరుగుతుంది కనుక పిజ్జా ధర చూస్తే బజారు పరిస్థితి తెలుస్తుందన్నాడు. ఇది మంచి పరిశీలన. అయితే 'ఎనిమిది రోజుల పిజ్జా' అనే మాట విని, అది వారం కిందట కాల్చిన నిలవ పిజ్జా అని రాశాడు. నేపుల్స్ వాడుకలో ఆ మాటకు అర్థం వేరు. ఈ రోజు తిని, ఎనిమిది రోజుల తర్వాత డబ్బు ఇవ్వడం. అంటే అరువు! 1954లో విట్టోరియో డి సికా తీసిన 'లోరో ది నాపోలీ' సినిమాలో సోఫియా లారెన్ వేసిన పిజ్జా అమ్మే స్త్రీ పాత్ర ఇలాగే అరువు మీద అమ్ముతుంది.

ఒక చిన్న పొరపాటు ఎంత మార్చేసిందో చూడండి. డ్యూమా మాటను బట్టి చూస్తే నేపుల్స్ పేదలు పాచి రొట్టె తినేవారు. అసలు అర్థం తెలిస్తే, కూలి డబ్బు చేతికి వచ్చేదాకా ఓపిక పట్టే అంగడివాడు, మాట నిలబెట్టుకునే కొనుగోలుదారు మన కళ్ల ముందు నిలుస్తారు. మన ఊళ్లలో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చూసినవారికి ఇది విడమర్చి చెప్పనక్కర లేదు. పేదల చరిత్రను ఇతరులు రాసినప్పుడు ఇలాంటి జాగ్రత్త ఎప్పుడూ అవసరం.

వీధి నుంచి ప్రపంచానికి

1880 నుంచి 1920 వరకు సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు, ఎక్కువగా దక్షిణాది పేదలు, బతుకుతెరువు కోసం అమెరికా వెళ్లారు. వారితోపాటే పిజ్జా వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది అమెరికా అంతటా వ్యాపించింది. 1996లో అంతర్జాతీయ పిజ్జా సంస్థలు ఢిల్లీలో, బెంగళూరులో తొలి దుకాణాలు తెరిచాయి. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా తయారీదారుల కళను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు ఏ రాణికో, ఏ సంస్థకో కాదు. పిండి ఒత్తి, పొయ్యి ముందు నిలబడే పనివారి నేర్పుకు.

మన నగరాల్లో మాత్రం పిజ్జా అద్దాల దుకాణాల్లోంచి, ఖరీదైన వస్తువుగా పరిచయమైంది. అందుకే అది మనకు అందనిదనీ, ప్రత్యేకమైన సరుకులు ఉంటేనే చేయగలమనీ అనుకుంటాం. చరిత్ర తెలిస్తే ఆ బెరుకు పోతుంది. ఇంట్లో ఉన్నదానితో చేసుకోవడమే పిజ్జా అసలు పద్ధతి.

ఇప్పుడు వంటింట్లోకి

పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని ఈ పని చేయండి. ఒక కప్పు గోధుమపిండి, ఒక కప్పు మైదా, అర చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలపండి. రెండు చెంచాల నూనె, పిండికి సరిపడా పుల్లని పెరుగు పోసి చపాతీ పిండికంటే కాస్త మెత్తగా కలిపి, బాగా పిసకండి. మూతపెట్టి పావుగంట ఉంచండి.

పిసకడం ఎందుకు? గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది. పిసికినకొద్దీ అది గట్టిపడుతుంది. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన బెక్కారి అనే శాస్త్రవేత్త 18వ శతాబ్దిలో దీన్ని పిండిలోంచి వేరుచేసి చూపాడు. మీరూ చేయవచ్చు. సోడా, పెరుగు లేకుండా నీళ్లతో కలిపిన చిన్న పిండి ముద్దను గిన్నెడు నీళ్లలో పిసుకుతూ కడగండి. తెల్లని పిండిపదార్థం నీళ్లలోకి పోయి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్.

సోడా ఎందుకు? పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిసినప్పుడు కార్బన్ డై ఆక్సైడ్ వాయువు పుడుతుంది. ఆ బుడగలు గ్లూటెన్ వలలో చిక్కుకుని పిండిని ఉబ్బిస్తాయి. నేపుల్స్‌లో ఈ పని ఈస్టు చేస్తుంది. ఈస్టు ఏకకణ జీవి. 1680లో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో దాన్ని చూశాడు. పులియడం జీవుల పని అని 1850ల చివర పాశ్చర్ ప్రయోగాలు స్థిరపరిచాయి. పాశ్చర్‌కు ఎన్నో తరాల ముందే నేపుల్స్ పనివారు నిన్నటి పిండిలో కొంత దాచి నేటి పిండిలో కలిపేవారు. మన ఇళ్లలో నిన్నటి పెరుగుతో ఈనాటి పాలు తోడుపెట్టినట్లే. ఇంట్లో పొడి ఈస్టు ఉంటే సోడా, పెరుగు మానేయండి. ఒక చెంచా ఈస్టును చిటికెడు చక్కెరతో గోరువెచ్చని నీటిలో కలిపి, ఆ నీటితో పిండి కలిపి, రెట్టింపు అయ్యేదాకా గంట, గంటన్నర ఉంచండి. సోడా త్వరగా పనిచేస్తుంది, రుచి తక్కువ. ఈస్టు నెమ్మదిగా పనిచేస్తుంది, రుచీ వాసనా ఇస్తుంది.

ఈలోగా నాలుగు టొమాటోలు తరిగి, నూనెలో వెల్లుల్లి, ఉప్పు వేసి, నీరు ఇగిరి దగ్గరపడేదాకా ఉడికించండి. పిండిని రెండు ముద్దలు చేసి, అర అంగుళంకంటే పలుచగా ఒత్తండి. దళసరి పెనం మీద సన్నని మంటపై ఒక వైపు రెండుమూడు నిమిషాలు కాల్చి తిరగేయండి. కాలిన వైపు పైకి వచ్చింది కదా, దాని మీద టొమాటో ముద్ద రాసి, చీజ్ తురుము చల్లి, మూతపెట్టి అయిదారు నిమిషాలు ఉంచండి. నేపుల్స్ పొయ్యిలో వేడి 430 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కనుక ఒకటిన్నర నిమిషంలోపే పిజ్జా కాలుతుంది. మన పెనానికి అంత వేడి లేదు. అందుకే రెండు వైపులా కాల్చడం, మూతపెట్టి ఆవిరిని ఆపడం.

చీజ్ లేకపోతే పనీర్ వేయండి. అది కరగదు, సాగదు. పాలను బాగా కాచి, నిమ్మరసంతో విరగ్గొట్టడం వల్ల అందులోని మాంసకృత్తులు వేరే విధంగా ముడిపడతాయి. కరగకపోయినా రుచికి లోటుండదు. అదీ లేకపోతే నూనె, వెల్లుల్లి, ఉల్లిపాయ చాలు. నేపుల్స్‌లో అతి సాధారణమైన పిజ్జా వెల్లుల్లి, నూనెలతో చేసినదే.

ముగింపు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పిజ్జాను ఎవరు తయారుచేశారు? ఒక్క పేరు చెప్పలేం. చేతిలో ఉన్న కొద్దిపాటి సరుకుతో కడుపు నింపుకోవడం నేర్చిన వేలమంది చేశారు. వారి పేర్లు ఏ పత్రంలోనూ లేవు. ఒక రాణి పేరు, ఒక వంటవాడి పేరు మాత్రం మిగిలాయి. చరిత్రలో పేరు మిగలడం వేరు, పని చేయడం వేరు. ఈ తేడాను గుర్తించగలిగితే, పిజ్జా గురించే కాదు, ఏ చరిత్ర పాఠాన్నయినా మీరు మరింత జాగ్రత్తగా చదవగలుగుతారు.

ఆలోచించండి, చేసి చూడండి

1. ఒక ఉత్తరం నిజమైనదో కాదో తేల్చడానికి ఏయే అంశాలు పరిశీలించాలి?

2. సోడాతో ఒక ముద్ద, ఈస్టుతో ఒక ముద్ద కలిపి, పావుగంటకొకసారి వాటి ఎత్తు కొలిచి పట్టిక రాయండి.

3. మీ ఇంట్లో తరతరాలుగా చేసే ఒక వంటకాన్ని ఎంచుకోండి. అందులోని దినుసుల్లో అమెరికా ఖండం నుంచి వచ్చినవి ఏవో గుర్తించండి. అవి రాకముందు దాన్ని ఎలా చేసి ఉంటారో మీ ఇంటి పెద్దలతో చర్చించండి.